గెట్టు మందమెంత?

రాజంపేట అంటే చాలామంది కడప దిక్కున్న రాజంపేట అనుకుంటారు. 2022లో కొత్త జిల్లా కేంద్రం తమకు రాలేదని ఆందోళన చేసింది ఆ ఊరు. నేను చెప్పేది కామారెడ్డి దగ్గరి రాజంపేట గురించి. జిల్లా కేంద్రం కావాలని అడిగేంత ఊరు కాదు మాది. 2016లో మండల కేంద్రమైతేనే సంబురపడ్డాం. 2025 ఆగస్టు 27 దాకా మా మండలం పేరు పెద్ద వార్తల్లో విన్న గుర్తు నాకు లేదు. ఆ రోజు వినాయక చవితి. మా మండలంలోని అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. కామారెడ్డిలో కాలనీలు మునిగాయి. 44వ నంబరు జాతీయ రహదారి దెబ్బతింది. భిక్నూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల మీదికి నీళ్లొచ్చి బండ్లు ఆగిపోయాయి.

హైదరాబాదులో ఉన్న నాకు ఇంటికి ఫోన్ కలిసేసరికి మర్నాడు సాయంత్రమైంది. బాపు ముందు మనుషుల సంగతి చెప్పిండు, తర్వాత బర్రెల సంగతి చెప్పిండు. ఆఖరుకు అన్నడు: "గెట్టు కొట్టుకపోయింది రా."

వరి పోయిందని అనలేదు. వరి పోతే ఇంకో కారుకు మళ్లీ వేస్తాం. గెట్టు పోయిందంటే ఏం పోయిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. మట్టే కదా, మళ్లీ పోసుకోవచ్చు అనుకున్నాను.

దసరాకు ఊరికి పోయి చూస్తే తెలిసింది. పైన ఉన్న కుంట తెగి, వరద మా మడులను అడ్డంగా కోసుకుంటూ పోయింది. మాదీ, మా చిన్నాయన వరసాయనదీ నాలుగు మడులుండేవి. ఇప్పుడు అన్నీ కలిసి ఒకటే ఇసుక మేట. వాన తగ్గిన మొదటి వారం ఇద్దరూ గలిసే ఏడ్చారట. మేట తీయడానికి జేసీబీ మాట్లాడుకున్నప్పుడు లొల్లి మొదలైంది. కొత్త గెట్టు ఎక్కడ పోయాలి? బాపు ఒక దగ్గర కట్టె పాతిండు. చిన్నాయన దాన్ని పీకి ఇవతల పాతిండు. రెండు కట్టెల మధ్య దూరం నేను కొలిచిన. కొంచెం ఎక్కువ తక్కువగా మూడు మీటర్లు.

"గెట్టు ఉన్నప్పుడు గెట్టు మీద కొట్లాడినం. ఇప్పుడు గెట్టు లేక కొట్లాడుతున్నం" అన్నది మా అమ్మ.

నేను సాఫ్ట్‌వేర్ పని చేసేవాణ్ని. హద్దుల దగ్గర జరిగే పొరపాట్లు మాకు పాత చుట్టాలు. పది గజాల పొడవున గజానికొక గుంజ పాతితే ఎన్ని గుంజలు కావాలి? పది అని చెప్తే తప్పు, పదకొండు కావాలి. ప్రోగ్రాముల్లో రోజూ దొరికే తప్పుల్లో ఇదొకటి. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో, ఆ చివరి గుంజ ఎవరి లెక్కలోకి వస్తుందో ముందే రాసుకోకపోతే లెక్క ఒకటి ఎక్కువో తక్కువో వస్తుంది. గెట్టు కూడా అలాంటిదే. యూక్లిడ్ గీసిన గీతకు పొడవే ఉంటుంది, వెడల్పు ఉండదు. గెట్టుకు ఉంటుంది. ఆ వెడల్పు ఎవరిది?

సరదాకు లెక్క కట్టి చూశాను. నలుచదరంగా ఉన్న ఎకరం చుట్టూ రెండడుగుల గెట్టు ఉందనుకుందాం. అందులో సగం, అంటే అడుగు వెడల్పు, మన వాటా. చుట్టూ కలిపి అది ముప్పావు గుంట అవుతుంది. వంద మీటర్ల పొడవున్న గెట్టు ఒక్క అడుగు జరిగితే 36 గజాలు చేతులు మారినట్టు. గుంట అంటే 121 గజాలు కాబట్టి ఇది గుంటలో దాదాపు మూడో వంతు. ఊళ్లల్లో 'గెట్టు చెక్కుడు' అని ఒక పని ఉంది. ఏటా దుక్కి దున్నేటప్పుడు పారతో ఒక చెంప కొంచెం గీకుతారు. ఎవరికీ కనపడదు, పదేండ్లకు అడుగు జరుగుతుంది. ఇందులో మేం అమాయకులమని నేను చెప్పబోవడం లేదు.

హద్దు అనే మాట అరబ్బీ నుంచి వచ్చింది. సరిహద్దు ఫారసీ 'సర్‌హద్'. మనం దాన్ని 'సరి అయిన హద్దు' అనుకుని సొంతం చేసుకున్నాం. మన సొంత మాటలు వేరే ఉన్నాయి: గట్టు, ఒడ్డు, అంచు, ఎల్ల, మేర. మా దిక్కు గట్టును గెట్టు అంటారు. వీటిలో నాకు బాగా నచ్చింది 'మేర'. పొలిమేరలో ఉన్న మేర ఇదే, హద్దు అని అర్థం. పాత రెవెన్యూ తెలుగులో దీనికి ఇంకో అర్థం కూడా ఉంది. కల్లంలో కుప్ప మీద నుంచి ఊరి పనివాళ్లకు, అంటే నీరడికి, తలారికి, వడ్లాయనకు కొలిచి ఇచ్చే గింజల వాటా కూడా మేరే. హద్దుకూ, ఆ హద్దును కాచే మనిషి కూలికీ ఒకే మాట ఎట్లా వచ్చిందో నిఘంటువులు తేల్చనివ్వండి. మా గెట్టు పంచాయితీ మాత్రం చివరికి ఆ రెండో అర్థం దగ్గరికే వచ్చి ఆగింది. అది తర్వాత చెప్తాను.

పాత రాగి శాసనాలు చదివినవాళ్లకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. తూర్పు చాళుక్యుల దానశాసనాల్లో రాజుగారి వంశం, బిరుదులు, దాన ఫలం అంతా సంస్కృతంలో సాగుతుంది. ఇచ్చిన భూమికి తూర్పున ఏముంది, ఆగ్నేయాన ఏముంది అనే దగ్గరికి వచ్చేసరికి తెలుగు ఊళ్లు, తెలుగు చెరువులు, పుట్టలు, గుంటలు, చెట్ల పేర్లు వచ్చి పడతాయి. ఎందుకో ఊహించడం కష్టం కాదు. వంశావళి తప్పైతే అడిగేవాడు లేడు. హద్దు తప్పైతే పక్క పొలం వాడు అడుగుతాడు. అందుకే అక్కడ వాడికి తెలిసిన భాషలోనే రాయాలి. తెలుగు మాటల పాత రూపాలు వెతికే పండితులకు ఈ హద్దుల భాగం పెద్ద గని. మన భాష లిఖిత చరిత్రలో ఒక పాయ కవిత్వంలో మొదలైతే, ఇంకో పాయ ఇట్లా పొలంగట్ల మీద మొదలైందని నాకు అనిపిస్తుంది.

శాసనాల్లో హద్దుగా పుట్ట ఎందుకు ఉంటుంది? ఈ ప్రశ్నకు జవాబు మా జిల్లా పడమటి కొస నుంచి ఎంతో దూరం లేని కల్యాణిలో, ఇప్పటి బసవకల్యాణ్‌లో, రాసిన పుస్తకంలో ఉంది. చాళుక్య ఆరో విక్రమాదిత్యుడు 1076 నుంచి 1126 దాకా ఏలినప్పుడు ఆయన కొలువులో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. హిందూ వారసత్వ చట్టం గురించి చదివేవాళ్లకు ఈ పేరు పరిచయమే. 13వ శతాబ్దంలో కేతన దీన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి విజ్ఞానేశ్వరీయం అన్నాడు. అంటే మన భాషలో తొలి న్యాయశాస్త్ర గ్రంథం పద్యకావ్యమే. యాజ్ఞవల్క్యుడి మూలంలో సీమావివాదం, అంటే హద్దు తగాదా, ఒక ప్రకరణం. హద్దుకు గుర్తులేమిటో అందులో ఒక జాబితా ఉంది: బొగ్గు, ఊక, చెట్టు, కట్ట, పుట్ట, పల్లం, ఎముక, చైత్యం.

మనుస్మృతి ఇంకాస్త వివరంగా చెప్తుంది. పైకి కనిపించే గుర్తులుగా మర్రి, రావి, మోదుగ, బూరుగు, తాటి లాంటి చెట్లు నాటాలట. అవి చాలవు, మనుషులు హద్దుల విషయంలో ఎప్పుడూ తప్పుతారు కాబట్టి భూమిలో దాచిన గుర్తులు కూడా ఉండాలట. రాళ్లు, ఎముకలు, ఊక, బూడిద, పెంకులు, ఎండిన పేడ, ఇటుకలు, బొగ్గు. మట్టి తొందరగా తినెయ్యని వస్తువులే ఎంచుకున్నారు. బొగ్గు వేల ఏండ్లు చెక్కుచెదరదని ఈనాటి పురావస్తు శాస్త్రజ్ఞులకు బాగా తెలుసు. వాళ్ల కాల నిర్ణయాలు దాని మీదే ఆధారపడతాయి. డేటాకు బ్యాకప్ ఉండాలనీ, బ్యాకప్ అందరి కంటా పడే చోట ఉండకూడదనీ ఆ రాసినాయనకు తెలుసు. నా ఉద్యోగంలో ఈ సంగతి నేర్చుకోవడానికి నాకు మూడేండ్లు పట్టింది.

గుర్తులు దొరక్కపోతే? అప్పుడు సాక్షులు. ఎర్రబట్టలు కట్టుకుని, ఎర్ర పూలదండ వేసుకుని, నెత్తిన మట్టి పెట్టుకుని హద్దు వెంట నడవాలి. వాళ్లు నడిచిందే హద్దు. సాక్షులుగా ఎవరిని పిలవాలి అన్నది నన్ను పట్టుకున్న భాగం. మొదట చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, ముసలివాళ్లు. వాళ్లు లేకపోతే యాజ్ఞవల్క్యుడు పసులకాపరులను, హద్దు వెంట దున్నేవాళ్లను, అడవిలో తిరిగేవాళ్లను పిలవమంటాడు. మనువు ఇంకా విడమరిచి వేటగాళ్లు, పిట్టలు పట్టేవాళ్లు, పశువుల కాపరులు, చేపలు పట్టేవాళ్లు, గడ్డలు తవ్వేవాళ్లు, పాములు పట్టేవాళ్లు, పరిగె ఏరుకునేవాళ్లు అంటాడు.

ఒక్కసారి ఈ జాబితా చూడండి. భూమి ఉన్నవాడు ఇందులో దాదాపు లేడు. పరిగె ఏరుకునే మనిషికి ఏ మడి ఎక్కడ ముగుస్తుందో తెలియాలి, లేకపోతే తిట్లు తినాలి. పాములు గెట్లలోనే ఉంటాయి. పిట్టలు గెట్టు మీది తుమ్మ మీదే వాలతాయి. భూమి కలవాడు పొలం నడుమ చూస్తాడు, భూమి లేనివాడు అంచులు చూస్తాడు. ఇదే మనువు ఈ మనుషుల్లో చాలామందిని మిగతా పేజీల్లో ఎట్లా చూశాడో మనకు తెలియంది కాదు. నీడ సోకనీయని వాళ్ల మాట హద్దు దగ్గర మాత్రం కావాల్సి వచ్చింది. దాన్ని గొప్ప ఉదారత అని పొగడలేను. పని పడింది, పిలిచారు.

ఇంగ్లండు పల్లెల్లో కూడా ఏటా ఒక రోజు పెద్దలు పిల్లలను వెంటబెట్టుకుని ఊరి హద్దు చుట్టూ తిరిగేవారు. హద్దురాయి దగ్గర పిల్లల్ని బెత్తంతో కొట్టేవారు, లేదా రాయికి తాకించి ఎత్తి దించేవారు. యాభై ఏండ్ల తర్వాత తగాదా వస్తే ఆ దెబ్బ గుర్తుండాలని. మన దగ్గర బొడ్రాయి పండుగకు ఊరి పొలిమేర చుట్టూ పొలి చల్లుతూ తిరగడం ఉంది. ఆ రోజు ఊరిని కట్టేస్తారు, ఆడబిడ్డలను పిలుచుకుంటారు. నేను చిన్నప్పుడు దాన్ని భయంతో చూసిన. ఆ రాత్రి నడిచిన దారి ఇప్పటికీ కండ్లు మూసుకుని చెప్పగలను. ఏ మ్యాపూ నాకు అట్లా గుర్తు లేదు.

ఇక కాగితం కాలానికి వద్దాం. నిజాం రాజ్యంలో 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ వచ్చేదాకా శిస్తు వసూలు చాలావరకు గుత్తేదార్ల చేతుల్లో ఉండేది. 1865లో ఆయన జిల్లాబందీ చేసి జిల్లాలు, తాలూకాలు ఏర్పరచాడు. 1870ల్లో సర్వే సెటిల్‌మెంట్ మొదలుపెట్టించాడు. నమూనా పక్కనున్న బొంబాయిది. అక్కడ గోల్డ్‌స్మిడ్, వింగేట్ అనే ఇద్దరు అధికారులు 1830ల్లో పూనా దగ్గరి ఇందాపూర్‌లో మొదలుపెట్టిన పద్ధతి అది. ప్రతి పొలానికి ఒక నంబరు, ప్రతి నంబరుకు చేతితో గీసిన ఒక కొలతల పటం. ఆ పటం పేరు టిప్పన్. మద్రాసు కింద ఉన్న కోస్తా, రాయలసీమల్లో ఎకరాలు, సెంట్లు ఉంటే మనకు ఎకరాలు, గుంటలు ఉండటానికి కారణం ఈ బొంబాయి చుట్టరికమే. మా ఆఫీసులో గుంటూరు మిత్రుడు ప్లాటును సెంట్లలో చెప్తే నేను ఇప్పటికీ మనసులో రెండున్నరతో భాగిస్తాను.

బొంబాయి పద్ధతిలో గొలుసు పొడవు 33 అడుగులు. గొలుసు పొడవు గొలుసు వెడల్పు కలిస్తే గుంట. గొలుసును రూపాయిలాగా 16 అణాలు చేశారు. ఒక అణా అంటే రెండడుగుల చిల్లర, దాదాపు 63 సెంటీమీటర్లు. మందపాటి గెట్టు ఎంతో అంత! కొలిచేవాడు అణాకు అణా సరిగ్గా చదివినా, అంతకంటే చిన్న తేడా ఆ కాగితానికి కనపడదు. దీన్ని నేను తప్పుగా చూడను. గొలుసుకు తెలియని ఆ రెండడుగులను నేల మీద గెట్టు మోసేది. పొలానికీ పొలానికీ నడుమ దున్నకుండా వదిలిన పట్టీ, మూలల్లో రాళ్లు, మట్టి దిబ్బలు కూడా ఆ సర్వేలో భాగమే. కాగితం, గెట్టు ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి.

కొలతలు వచ్చాయి గానీ రాత మనది కాదు. దఫ్తరు మొదట ఫారసీలో, 1880ల నుంచి ఉర్దూలో నడిచింది. సేత్వార్, పహాణీ, తరి, ఖుష్కి, శిఖం అన్నీ అప్పుడు మన నోట్లోకి వచ్చి స్థిరపడ్డాయి. తూర్పు చాళుక్యుల శాసనంలో హద్దుల భాగం తెలుగులో ఉండేది అన్నాను కదా, ఇప్పుడు సరిగ్గా ఆ భాగమే రైతుకు చదవరానిదైంది. చదివి చెప్పేవాడు పట్వారీ. తెలంగాణ సాయుధ పోరాటంలో పట్వారీల దఫ్తరాల మీద జనానికి అంత కోపం ఎందుకుండేదో దీన్ని బట్టి కొంత ఊహించవచ్చు.

మా జిల్లా గీతలు కూడా నిలకడగా ఏమీ లేవు. ఇప్పటి కామారెడ్డి జిల్లా పడమటి కొసన ఉన్న బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు 1956 దాకా నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలో ఉండేవి. ఆ ఏడు నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనలో మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రానికి పోయింది, ఇవి ఆంధ్రప్రదేశ్‌లో మిగిలాయి. ఇప్పటికీ జుక్కల్, మద్నూర్ వైపు సంతలో తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ వినపడతాయి. భాష మీద గీత గీయాలనుకుంటే అది గీతగా కాక ఇట్లా వెడల్పాటి గెట్టుగా తేలుతుంది. 2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి మా జిల్లా విడిపోయింది. ఇవన్నీ మా పొలం మీద నుంచి మబ్బుల్లా పోయాయి. జిల్లా మారినా మా సర్వే నంబరు మారలేదు.

సమస్య సర్వే నంబరు లోపల ఉంది. బయటి హద్దుకు టిప్పన్ ఉంది. మా తాత, చిన్నాయన వాళ్ల నాయన సొంత అన్నదమ్ములు. 1972 కరువు దాటిన మరుసటేడు వేరుపడి ఆ నంబరును రెండు చేసుకున్నారు. పహాణీలో బై నంబర్లు పడ్డాయి, పటం మాత్రం పడలేదు. ఇది మా ఒక్కరి కథ కాదు. తెలంగాణలో అన్నదమ్ముల పంపకాల్లో పుట్టిన బై నంబర్లకు చాలాచోట్ల కాగితం మీద ఆకారం ఉండదు, విస్తీర్ణం మాత్రమే ఉంటుంది. 2017లో జరిగిన భూరికార్డుల ప్రక్షాళన కాగితాన్ని కాగితంతో సరిచూసింది, నేలను కొలవలేదు. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. ఫోన్లో నంబరు కొడితే మా పేరు, ఎకరా పన్నెండు గుంటలు కనపడ్డాయి. చిన్నాయన పేరు మీద కూడా ఎకరా పన్నెండు గుంటలే. ఆ ఎకరా పన్నెండు గుంటలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చెప్పే ఒకే ఒక్క పత్రం గెట్టు. అది ఆగస్టు 27న కొట్టుకుపోయింది.

బాపు ఫోన్లో ఎందుకట్లా అన్నాడో నాకు అప్పుడు వెలిగింది.

సాక్షుల సంగతి కూడా చూడాలి. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. చేయాల్సిన పనే. 2020 సెప్టెంబరులో వీఆర్వోలు పోయారు. 2023లో వీఆర్ఏలను, అంటే పాత నీరడి, మస్కూరి కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా ఉన్న ఆఖరి మెట్టును, వేరే శాఖల్లో సర్దారు. వాళ్లకు జీతం, గౌరవం దొరికాయి, మంచిదే. కాని ఒక్కో మెట్టు పోయినప్పుడల్లా ఊరి అంచులు తెలిసిన ఒక మనిషి ఆ పని నుంచి పక్కకు జరిగాడు. 2025 ఏప్రిల్ 14న మొదలైన భూభారతి ఈ లోటును గుర్తించింది. క్రయవిక్రయాలకు సర్వే పటం జతచేయాలని, ప్రతి కమతానికి భూధార్ నంబరు ఉండాలని ఆ చట్టంలో ఉంది. నా మట్టుకు నేను దీన్ని స్వాగతిస్తాను. అయితే ఒక అనుమానం మిగులుతుంది. సర్వేయరు రోవరు పట్టుకుని సెంటీమీటరు తేడా లేకుండా కొలవగలడు. దేన్ని కొలవాలో ఎవరు చెప్తారు?

నా ఫోన్లో జీపీఎస్ చూసి నేను చేసిన ప్రయత్నం గురించి ఎక్కువ చెప్పను. మూడు నుంచి ఐదు మీటర్ల తప్పు ఉండే పరికరంతో మూడు మీటర్ల తగాదా తేల్చబోయాను. పాత ఉపగ్రహ చిత్రాల్లో గెట్టు కనిపించింది, చెట్ల నీడల కింద మసక పట్టీలాగా. చిన్నాయన దాన్ని చూసి, "గా నల్లగీత నీడనా, గెట్టా?" అన్నడు. న్యాయమైన ప్రశ్న.

ఆ మసక పట్టీలో ఏమేం ఉండేవో కూర్చుని రాసుకున్నాను. రెండు ఈత చెట్లు, ఒక మోదుగ, తంగేడు పొదలు, సీతాఫలం, గరిక, నల్లేరు. మోదుగ ఆకుతో మా నాయనమ్మ విస్తర్లు కుట్టేది. ఒడ్డు వెంట ఎండ్రికాయ బొక్కలు. అమెరికాలో ఆల్డో లియోపోల్డ్ 1933లో వన్యప్రాణుల మీద రాసిన పుస్తకంలో రెండు రకాల నేలలు కలిసే అంచు దగ్గర జంతువులు, పక్షులు ఎక్కువ ఉంటాయని వివరించాడు. మా గెట్టు మీద గోగు నారకు కూడా చోటుండేది. ఎద్దుల నాగలి గెట్టు దాకా వచ్చి తిరిగేది కాబట్టి అంచున కొంత బీడు మిగిలేది. ట్రాక్టరు వచ్చాక గెట్టు సన్నబడింది, గడ్డిమందు వచ్చాక బోడి అయింది. బతుకమ్మకు తంగేడు, గునుగు కావాలంటే ఇప్పుడు కామారెడ్డి అంగట్లో కొంటున్నారు. పంటల నడుమ, గెట్ల మీద ఊరికే మొలిచే గునుగును పైసలిచ్చి కొనడం మా అమ్మకు ఇంకా మింగుడుపడదు.

ఐదో రోజు నీరడి తాతను పిలిచారు. ఎవరు పిలిచారో తెలియదు, బాపూ చిన్నాయనా ఇద్దరూ నేనే అంటారు. డెబ్బై దాటిన మనిషి. నిలువెత్తు, సన్నగా, చేతిలో వెదురుకట్టె. ఆయనకు గుంటెడు భూమి లేదు. వయసులో ఉన్నప్పుడు కుంట తూము ఎత్తి ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో ఆయనే చూసేవాడు. ప్రతి కల్లంలో ఆయన మేర ఆయనకు కొలిచి ఇచ్చేవాళ్లు. తర్వాత బోర్లు వచ్చాయి, కుంట నీళ్లకు వంతు అక్కర్లేకపోయింది, మేర ఆగిపోయింది.

ఎర్రబట్టలేమీ కట్టుకోలేదు. చెప్పులు విడిచి, మేట మీద నడిచి, ఉత్తరం మూలకు పోయి కట్టెతో రెండు మూడు చోట్ల పొడిచి, "ఈడ తవ్వున్రి" అన్నడు. మోకాలి లోతున హద్దురాయి దొరికింది. మూడు నంబర్లు కలిసే చోట పాతిన రాయి. ఆ రాయి దొరికినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషపడింది నేనేననుకుంటా. అదొక్కటే టిప్పన్‌లో ఉన్నది, నేల మీద కూడా ఉన్నది. కాని దాంతో బయటి మూల తేలింది గానీ లోపలి గెట్టు తేలలేదు. అక్కడి నుంచి తాత దక్షిణానికి నడిచిండు. నడిచి, వాలిపోయిన ఈత మొద్దు దగ్గర ఆగి, "గిది ఎడమకు వదిలి పోయేది గెట్టు" అన్నడు. తాడు పట్టి చూస్తే ఆ గెట్టు బాపు కట్టె దగ్గర లేదు, చిన్నాయన కట్టె దగ్గరా లేదు. మా దిక్కుకు ఇంకా లోపలికి ఉంది.

నేను టేపుతో కొలిచి లెక్క కట్టాను. ఆ గీత ప్రకారం మాకు ఎకరా తొమ్మిది గుంటలు, వాళ్లకు ఎకరా పదిహేను. పాసుపుస్తకం ప్రకారం చెరి ఎకరా పన్నెండు.

"తాతా, కాయితంల సమానంగ ఉంది కదా" అన్నాను.

"కాయితంల సమానమే బిడ్డా. మీ తాతకు బావి దిక్కు వచ్చింది, తూము కింది మొదటి నీళ్లు వచ్చినయ్. గందుకు మూడు గుంటలు తమ్మునికి ఇడిసిండు. తాడు నేనే పట్టిన."

ఆ బావి ఇప్పుడు పూడిపోయింది. తూము నీళ్లకు ఎవరూ ఎదురుచూడటం లేదు. మూడు గుంటలు ఇచ్చింది దేనికో ఆ లాభం మాకు ఇప్పుడు లేదు. కాగితం మా వైపు ఉంది. రేపు భూభారతి పటం గీయడానికి సర్వేయరు వస్తే పాసుపుస్తకంలో ఉన్న విస్తీర్ణం చూసే గీయవచ్చు. తాత మాటకు ఏ పోర్టల్లోనూ గడి లేదు. ఇదంతా నేను బాపుకు ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని చెప్పిన. తప్పు సలహా ఇచ్చాననుకోను. ఒప్పని కూడా గట్టిగా అనలేను. మా తాతలు చేసుకున్నది ఒప్పందమే, కాని అందులో ఒక వైపు సరుకు అరిగిపోయింది. అరిగిపోయిన ఒప్పందానికి ఎంతకాలం కట్టుబడాలి అన్నది విజ్ఞానేశ్వరుడు చర్చించాడేమో వెతకాలి.

బాపు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "తాడు పట్టినోడు ఆయన. మనం పట్టలేదు కదా" అని లోపలికి పోయిండు.

మర్నాడు జేసీబీ తాత చూపిన చోటే మట్టి పోసింది. చిన్నాయన ఆ పొద్దు మా ఇంట్లనే తిన్నడు. నేను ఇద్దరినీ ఒక కాగితం రాసుకొమ్మన్నాను, గీతతో సహా, ఇద్దరి సంతకాలతో. చిన్నాయన సరేనన్నడు. బాపు కూడా సరేనన్నడు. నేను హైదరాబాదు బస్సు ఎక్కేదాకా రాయలేదు. సంక్రాంతికి పోయినప్పుడు అడిగితే, యాసంగి నాట్లయినంక చూద్దామన్నారు. తాతకు ఆ కారు వడ్లలో ఒక బస్తా ఇచ్చారని అమ్మ చెప్పింది. చెరి సగం వేసుకున్నారట. దాన్ని కూలి అన్నారా, ఇంకేమన్నా అన్నారా అని అడిగాను. "మేర" అన్నది.

కొత్త గెట్టు ఇంకా గట్టిపడలేదు. రెండు చోట్ల కుంగింది. దాని మీద గడ్డి తప్ప ఏం మొలవలేదు. అమ్మ సద్దుల బతుకమ్మ నాటి పూలల్లోంచి గునుగు కంకులు కొన్ని ఎండబెట్టి దాచింది. మొన్న పోయినప్పుడు వాటిని నలిపి గెట్టు పొడుగునా చల్లుకుంటూ పోయింది. మా దిక్కు కొన్ని, వాళ్ల దిక్కు కొన్ని పడ్డాయి.